'నెట్ లేదు... రేపు రండి' వెనక ఉన్న చిన్న పెట్టె కథ

'సర్వర్ డౌన్ అండీ... రేపు రండి!'

మండలాఫీసు దగ్గరో, మీసేవ సెంటర్ దగ్గరో ఈ మాట వినని వాళ్లు మనలో ఎవరూ ఉండరు. కులం సర్టిఫికెట్ కోసం వచ్చిన స్టూడెంట్, పాస్‌బుక్ పని మీద వచ్చిన రైతు, పింఛను సంగతి కనుక్కోవడానికి వచ్చిన అవ్వ... అందరూ ఆ రోజు కూలీ, బస్ చార్జీ పోగొట్టుకుని వెనక్కి పోవాల్సిందే. అయితే ప్రతిసారీ డౌన్ అయ్యేది ఎక్కడో హైదరాబాద్‌లో ఉన్న సర్వరేనా? కాకపోవచ్చు. అదే గదిలో, బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయి, పచ్చ లైట్లు మినుకుమినుకుమంటూ ఉండే ఓ చిన్న పెట్టెలో కూడా తప్పు ఉండొచ్చు. దాని పేరు నెట్‌వర్క్ స్విచ్.

వైఫై రూటర్ గురించి అందరికీ తెలుసు. స్విచ్ గురించి ఎవరూ పట్టించుకోరు. ఖమ్మం జిల్లా ముదిగొండ లాంటి ఓ మండల కేంద్రాన్నే తీసుకోండి. ఆఫీసు, స్కూల్, బ్యాంకు, సీసీ కెమెరాలు, లోకల్ కేబుల్ ఆపరేటర్ గది... కేబుళ్లన్నీ వచ్చి కలిసేది ఇలాంటి పెట్టె దగ్గరే. అది బాగుంటే దాని గురించి ఎవరూ మాట్లాడరు. అది పడకేస్తే ఊళ్లో సగం పనులు ఆగిపోతాయి. మరి ఆ పెట్టెలో ఏముంటుంది? మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? చూద్దాం రండి.

చాటింపు కాదు... పోస్ట్‌మ్యాన్!

ఒకప్పుడు కంప్యూటర్లను కలపడానికి 'హబ్' వాడేవాళ్లు. అది అచ్చం ఊళ్లో దండోరా లాంటిది. ఒక్కరికి చెప్పాల్సిన మాటైనా ఊరంతా వినేలా చాటుతుంది. ఎవరిదో వాళ్లు తీసుకోవాలి, మిగతావాళ్లు వదిలేయాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ కలగాపులగమై ఎవరికీ అర్థం కావు. మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. కంప్యూటర్లు పెరిగేకొద్దీ గోల ఎక్కువ, పని తక్కువ.

స్విచ్ అలా కాదు. అది పోస్ట్‌మ్యాన్. ప్రతి కంప్యూటర్‌కు, ఫోన్‌కు, కెమెరాకు తయారీలోనే 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఇస్తారు. ఏ పోర్టు నుంచి ఏ అడ్రస్ మాట్లాడుతోందో స్విచ్ గమనించి ఓ పట్టికలో రాసుకుంటుంది. ఆ తర్వాత ఎవరి ఉత్తరం వాళ్ల గుమ్మానికే. ఎవరూ దానికి నేర్పక్కర్లేదు, చూసి నేర్చుకుంటుంది. కొత్త అడ్రస్ వస్తే మాత్రం అన్ని పోర్టులకూ పంపి, జవాబు ఎటు నుంచి వచ్చిందో చూసి గుర్తుపెట్టుకుంటుంది.

దాని పేరు 'కల్పన'

ఇక్కడో ఆసక్తికరమైన విషయం ఉంది. ఈథర్‌నెట్ పుట్టింది 1973లో, అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో. బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ కలిసి చేసిన ఆ మొదటి నెట్‌వర్క్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. ఇవాళ మన ఫోన్ నెట్ అంతకు వస్తే తిట్టుకుంటాం! 1983లో దానికి ఐఈఈఈ 802.3 అనే ప్రమాణం వచ్చింది.

ఎక్కువ పోర్టుల మొదటి ఈథర్‌నెట్ స్విచ్ మార్కెట్లోకి వచ్చింది మాత్రం 1990లో. ఏడు పోర్టులుండే ఆ పెట్టెను తెచ్చిన సిలికాన్ వ్యాలీ కంపెనీ పేరు 'కల్పన'. అవును, మన ఇళ్లల్లో పెట్టుకునే పేరే. భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్, ల్యారీ బ్లెయిర్‌తో కలిసి పెట్టిన ఆ కంపెనీకి తన భార్య పేరే పెట్టారు. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది. నెట్‌వర్కింగ్ కోర్సుల్లో పిల్లలు చదివే సిస్కో స్విచ్‌ల కుటుంబంలో ఆ 'కల్పన' రక్తం కూడా ఉందన్నమాట.

అట్టపెట్టె మీద అంకెల్లో అసలు విషయం

కంప్యూటర్ షాపుకు వెళ్తే '24 పోర్ట్ గిగాబిట్, 48 జీబీపీఎస్' అని రాసి ఉంటుంది. ఇదేదో బ్రహ్మరహస్యం అనుకోవద్దు. లెక్క చాలా తేలిక. ఒక్కో పోర్టు సెకనుకు 1 గిగాబిట్ పంపగలదు, అదే సమయంలో 1 గిగాబిట్ తీసుకోగలదు. అంటే పోర్టుకు 2 చొప్పున 24 పోర్టులకు 48. అన్ని పోర్టులూ ఒకేసారి పూర్తి వేగంతో పనిచేసినా లోపల ఇరుకు ఉండదని దాని అర్థం. 24 గిగాబిట్ పోర్టులున్న పెట్టె మీద 48 కంటే తక్కువ అంకె కనిపిస్తే కొంచెం ఆలోచించాలి.

రెండో అంకె ఫార్వర్డింగ్ రేటు. సెకనుకు ఎన్ని ప్యాకెట్లు పంచగలదు అని. ఈథర్‌నెట్‌లో అతి చిన్న ఫ్రేమ్ 64 బైట్లు. దాని ముందూ వెనకా ఖాళీతో కలిపితే 84 బైట్లు, అంటే 672 బిట్లు. 1 గిగాబిట్‌ను 672తో భాగిస్తే దాదాపు 14.88 లక్షలు. 24 పోర్టులకు కలిపి సుమారు 3.57 కోట్ల ప్యాకెట్లు! అట్టపెట్టె మీద '35.7 ఎంపీపీఎస్' అని ఉండేది ఇదే. ఆటోడ్రైవర్ మీటర్ చూసినట్టు మీరూ ఓసారి లెక్కేసి చూసుకోండి.

మూడోది మ్యాక్ టేబుల్. 8 వేల అడ్రస్‌లు గుర్తుపెట్టుకునే స్విచ్ స్కూల్‌కు, ఆఫీసుకు ధారాళంగా సరిపోతుంది. వందల ఇళ్లకు నెట్ ఇచ్చే కేబుల్ ఆపరేటర్‌కు మాత్రం ఈ అంకె ముఖ్యం. టేబుల్ నిండిపోతే కొత్త అడ్రస్‌ల విషయంలో స్విచ్ మళ్లీ దండోరా మొదలుపెడుతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. స్విచ్ మార్చినంత మాత్రాన నెట్ ప్లాన్ వేగం పెరగదు. బయటి నుంచి వచ్చేది 50 ఎంబీపీఎస్ అయితే లోపల ఎంత పెద్ద స్విచ్ పెట్టినా బయటి వీడియోలు ఆ 50లోనే పంచుకోవాలి. దీనికి ఉల్టా కూడా నిజమే. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని మధ్యలో పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఉంచితే, కట్టే డబ్బులో చాలా భాగం వృథా. కేబుల్లో ఉండే ఎనిమిది తీగల్లో ఒకటి తెగినా గిగాబిట్ కాస్తా 100కి పడిపోవచ్చు. చాలా స్విచ్‌లలో పోర్టు లైటు రంగే ఈ సంగతి చెప్పేస్తుంది.

మేనేజ్‌డ్ అంటే ఏంటి?

స్విచ్‌లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి అన్‌మేనేజ్‌డ్. కేబుళ్లు పెట్టామా, కరెంటు ఇచ్చామా, పని అయిపోయిందా... అంతే. ఇంటికి, చిన్న షాపుకు ఇది చాలు. రెండోది మేనేజ్‌డ్. బ్రౌజర్లో దాని ఐపీ అడ్రస్ కొట్టి లోపలికి వెళ్లి ఏ పోర్టులో ఏం జరుగుతోందో చూడొచ్చు, మార్చొచ్చు. ఈ రెంటి మధ్యలో 'స్మార్ట్' లేదా 'వెబ్ మేనేజ్‌డ్' అనే రకం ఉంది. ముఖ్యమైన పనులు చేస్తుంది, ధర మధ్యస్థం.

తేడా ఎప్పుడు తెలుస్తుంది? సమస్య వచ్చినప్పుడు! అన్‌మేనేజ్‌డ్ స్విచ్ మూగది. నెట్ ఆగితే కేబుళ్లు ఒక్కొక్కటీ పీకి, మళ్లీ పెట్టి వెతుక్కోవాలి. మేనేజ్‌డ్ స్విచ్ నోరు విప్పుతుంది. 'ఏడో పోర్టులో లక్ష ఎర్రర్లు వచ్చాయి', 'పన్నెండో పోర్టు పొద్దున్నుంచి నలభైసార్లు ఆగి మొదలైంది' అని లెక్క చూపిస్తుంది. ఏడో పోర్టు కేబుల్‌ను ఎలుక కొరికిందో, పిన్ను సరిగ్గా కొట్టలేదో... చూడాల్సిన చోటు మాత్రం తెలిసిపోతుంది. ఖమ్మం నుంచి టెక్నీషియన్ వచ్చేదాకా ఆగాలా, మనమే సరిచేసుకోవాలా అన్నది అప్పుడు తేలుతుంది.

ఒక్క కేబుల్‌తో ల్యాబ్ అంతా బంద్

ఓ హైస్కూల్ కంప్యూటర్ ల్యాబ్ అనుకోండి. ఊడ్చేటప్పుడు ఓ కేబుల్ కొస ఊడి కింద పడింది. ఎవరో మంచి మనసుతో ఆ కొసను ఖాళీగా ఉన్న పోర్టులో పెట్టారు. కానీ దాని రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంది! అంతే... క్షణాల్లో ల్యాబ్ మొత్తం స్తంభించిపోతుంది.

ఎందుకంటే కొన్ని ప్యాకెట్లు 'అందరికీ' అని వెళ్తాయి. వీటిని బ్రాడ్‌కాస్ట్ అంటారు. ఇవి ఒక కొస నుంచి వెళ్లి రెండో కొస నుంచి లోపలికి వస్తాయి. స్విచ్ వాటిని మళ్లీ అందరికీ పంపుతుంది. అవి మళ్లీ తిరిగొస్తాయి. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు ఆయుష్షు అంటూ లేదు, ఎన్ని చుట్లు తిరిగినా చావదు. గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది, పైగా ప్రతి చుట్టుకూ పిల్లలు పెడుతుంది. దీన్నే బ్రాడ్‌కాస్ట్ తుపాను అంటారు.

దీనికి మందు కనిపెట్టింది రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికన్ ఇంజినీర్. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ 1985లో ఆమె రాసిన స్పానింగ్ ట్రీ పద్ధతి 1990లో 802.1డీ ప్రమాణమైంది. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుంటాయి. అక్కడి నుంచి చెట్టు కొమ్మల్లా దారులు గీసుకుంటాయి. చుట్టు ఏర్పడే దారిని మూసేస్తాయి. అసలు దారి తెగితే మూసిన దారిని తెరుస్తాయి. పాత పద్ధతిలో దీనికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన ర్యాపిడ్ స్పానింగ్ ట్రీతో అది కొన్ని సెకన్లలోపే అయిపోతుంది. చాలా చౌక అన్‌మేనేజ్‌డ్ స్విచ్‌లలో ఈ కాపలా ఉండదు. పిల్లలు తిరిగే చోట ఇదొక్కటి చాలు, మేనేజ్‌డ్ స్విచ్ ఎందుకు కావాలో చెప్పడానికి.

ఒకే పెట్టె, వేర్వేరు వాడలు

ఆఫీసు కంప్యూటర్లు, సీసీ కెమెరాలు, వచ్చినవాళ్లకు ఇచ్చే వైఫై... మూడూ ఒకే స్విచ్‌లో ఉంటే? బయటివాళ్ల ఫోన్ నుంచి ఆఫీసు కంప్యూటర్‌కు దారి తెరిచి ఉన్నట్టే. దీనికి జవాబు వీల్యాన్. 1998లో వచ్చిన 802.1క్యూ ప్రమాణం ప్రకారం ప్రతి ఫ్రేమ్‌కు ఓ నంబరు బిళ్ల కడతారు. 10వ నంబరు వాళ్లు 10తోనే, 20వ నంబరు వాళ్లు 20తోనే మాట్లాడుకుంటారు. ఒకే పెట్టెను కత్తిరించకుండానే మూడు పెట్టెలుగా చేసినట్టు.

మరో సుగుణం క్యూఓఎస్. ట్రాఫిక్‌లో అంబులెన్స్‌కు దారి ఇచ్చినట్టు, ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో చెప్పొచ్చు. ఇందులో 0 నుంచి 7 దాకా ఎనిమిది తరగతులు ఉంటాయి. డాక్టర్‌తో వీడియో కాల్ నడుస్తుంటే ఎవరో సినిమా డౌన్‌లోడ్ పెట్టినా కాల్ తెగకుండా ఇది కాపాడుతుంది. దారి ఇరుకైనప్పుడే దీని విలువ తెలిసేది.

ఫైబర్ మీద టీవీ చానెళ్లు ఇచ్చే ఆపరేటర్లకు ఐజీఎంపీ స్నూపింగ్ ప్రాణం. ఏ ఇంట్లో ఏ చానెల్ చూస్తున్నారో గమనించి ఆ ఇంటికి ఆ చానెలే పంపుతుంది. ఇది లేకపోతే అన్ని చానెళ్లూ అన్ని ఇళ్లకూ వరదలా వెళ్తాయి.

రాత్రిళ్లు ఆగిపోయే కెమెరాలు

'పగలు బాగానే పనిచేస్తున్నాయి, చీకటి పడగానే రెండు కెమెరాలు ఆగిపోతున్నాయి.' ఇలాంటి ఫిర్యాదు వస్తే దయ్యం పని అనుకోకండి. పీఓఈ బడ్జెట్ చూడండి.

పీఓఈ అంటే నెట్ కేబుల్లోనే కరెంటు కూడా పంపడం. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రకారం పోర్టుకు 15.4 వాట్లు, 2009లో వచ్చిన 802.3ఏటీ ప్రకారం 30 వాట్లు ఇవ్వొచ్చు. కానీ అసలు మెలిక అక్కడ కాదు, మొత్తం బడ్జెట్‌లో ఉంది. ఎనిమిది పోర్టులకు 15.4 చొప్పున 123 వాట్లు కావాలి. చౌక స్విచ్ మొత్తం కలిపి 60 వాట్లే ఇస్తుందనుకోండి... పగలు కెమెరాలు తక్కువ తింటాయి కాబట్టి బండి నడుస్తుంది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే వాడకం పెరుగుతుంది. బడ్జెట్ దాటితే స్విచ్ కొన్ని పోర్టులకు కరెంటు ఆపేస్తుంది. దొంగ వచ్చేది రాత్రే, కెమెరా ఆగేదీ రాత్రే! మేనేజ్‌డ్ స్విచ్ అయితే ఏ పోర్టు ఎన్ని వాట్లు తింటోందో చూపిస్తుంది. వేలాడిపోయిన కెమెరాను స్తంభం ఎక్కకుండానే ఆఫ్ చేసి ఆన్ చేయొచ్చు.

మన ఎండకు, మన పిడుగులకు తట్టుకోవాలి

మామూలు స్విచ్‌ల మీద '0 నుంచి 40 డిగ్రీలు' అని రాసి ఉంటుంది. మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం వైపు బయటే అంతకు మించి కొడుతుంది. ఇక రేకుల గదిలో, మూసిన ఇనప పెట్టెలో పరిస్థితి ఊహించుకోండి. అలాంటి చోట్లకు మైనస్ 40 నుంచి 75 డిగ్రీల దాకా తట్టుకునే ఇండస్ట్రియల్ స్విచ్‌లు ఉన్నాయి. వాటికి ఫ్యాను ఉండదు, ఒళ్లే వేడిని వదులుతుంది. ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీల్లాంటి దుమ్ము చోట్లా ఇవే మేలు. ఫ్యాను లేకపోతే దుమ్మును లోపలికి లాక్కోవు.

రెండోది పిడుగులు. ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కు ఆరుబయట రాగి కేబుల్ లాగితే, వాన రాత్రి దగ్గర్లో పిడుగు పడినప్పుడు ఆ తీగ మీదుగా వచ్చిన షాక్‌తో రెండు వైపులా స్విచ్‌లు కాలిపోవచ్చు. రాగి కేబుల్‌కు 100 మీటర్ల హద్దు ఎలాగూ ఉంది. అందుకే బిల్డింగ్‌ల మధ్య ఫైబర్ వేయాలి. అది గాజు. వెలుతురే పోతుంది, కరెంటు పోదు. దానికోసం స్విచ్‌కు ఎస్ఎఫ్‌పీ పోర్టులు ఉండాలి.

మూడోది కరెంటు కోతలు. చాలా మేనేజ్‌డ్ స్విచ్‌లలో మార్చిన సెట్టింగ్ వెంటనే పనిచేస్తుంది కానీ, 'సేవ్' కొట్టకపోతే కరెంటు పోయి రాగానే ఎగిరిపోతుంది. నిన్న బాగున్న నెట్ ఇవాళ ఎందుకు పాడైందో తెలియక తలలు పట్టుకునేది ఇలాంటప్పుడే.

ఊరి దాకా వచ్చిన ఫైబర్ సంగతేంటి?

దేశంలోని దాదాపు 2.5 లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేయాలని 2011 అక్టోబర్‌లో కేంద్రం నిర్ణయించింది. 2015లో ఆ పథకానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేశారు. ఒకసారి తవ్వి రెండు పనులన్నమాట.

అయితే ఫైబర్ ఒకే గీతలా వెళ్తే, దారిలో జేసీబీ ఓ దెబ్బ కొడితే అవతలి ఊళ్లన్నీ చీకట్లోకి పోతాయి. అందుకే 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో 'రింగ్' పద్ధతికి పెద్దపీట వేశారు. మండలం నుంచి ఊళ్ల మీదుగా వెళ్లిన ఫైబర్ మళ్లీ మండలానికే చేరుతుంది. ఒకవైపు తెగితే రెండో వైపు నుంచి నెట్ వస్తుంది. ఈథర్‌నెట్ స్విచ్‌లతో వేసే రింగుల్లో జీ.8032 అనే పద్ధతి ఉంటే 50 మిల్లీసెకన్లలోపే దారి మార్చేస్తుంది. ఫోన్లో మాట్లాడుతున్నవాళ్లకు తెలియను కూడా తెలియదు.

ఇది ఎంత అవసరమో మన ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగాయి. అలాంటి రాత్రి హెచ్చరిక ఇవ్వాలన్నా, బోటు అడగాలన్నా కావాల్సింది నెట్టే. కానీ రింగ్ కాపాడేది ఊరి గుమ్మం దాకానే. లోపల పెట్టె కింద నేల మీద ఉంటే, యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఉంటే రింగ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

చూసేవాళ్లు లేకపోతే మేనేజ్‌డ్ ఎందుకు?

అసలు సమస్య ఇక్కడే ఉంది. ఖరీదైన స్విచ్ కొంటారు. ఇన్‌స్టాల్ చేసినవాళ్లు వెళ్లిపోతారు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు, లేదా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 'అడ్మిన్' అలాగే ఉండిపోతుంది. ఏ పోర్టు ఏ గదికో రాసి ఉండదు. అప్పుడు అదీ మూగ పెట్టెతో సమానమే. పైగా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఉన్న పెట్టె అంటే తాళం చెవి గుమ్మానికే వేలాడదీసినట్టు.

1988 నుంచి ఉన్న ఎస్ఎన్ఎంపీ అనే పద్ధతితో ఖమ్మంలో కూర్చున్న ఒక్కరు వంద ఊళ్ల స్విచ్‌లను ఓ తెరమీద చూడొచ్చు. ఏ పెట్టె వేడెక్కింది, ఏ లింకు తెగింది అన్నది జనం ఫోన్ చేయకముందే తెలుస్తుంది. టెక్నాలజీ కొత్తదేం కాదు. చూడటానికి ఓ మనిషిని, ఆ మనిషికి ఓ జీతాన్ని పెట్టడమే మనం మర్చిపోతున్నాం.

కొనేముందు ఈ ఏడు అడగండి

* అన్ని పోర్టులూ గిగాబిటేనా? పోర్టుల సంఖ్యకు రెట్టింపు స్విచింగ్ కెపాసిటీ ఉందా?
* ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ, లేదా కనీసం లూప్ డిటెక్షన్ ఉందా?
* వీల్యాన్ పెట్టుకోవచ్చా?
* పీఓఈ అయితే మొత్తం బడ్జెట్ ఎన్ని వాట్లు? మన కెమెరాల రాత్రి వాడకానికి సరిపోతుందా?
* ఫైబర్‌కు ఎస్ఎఫ్‌పీ పోర్టులు ఉన్నాయా?
* ఎన్ని డిగ్రీల వేడి తట్టుకుంటుంది? వారంటీ ఎన్నేళ్లు, సర్వీస్ సెంటర్ ఎక్కడ?
* ఇన్‌స్టాల్ చేశాక పాస్‌వర్డ్ మార్చి మనకు ఇస్తారా? సెట్టింగుల బ్యాకప్, పోర్టుల జాబితా రాసి ఇస్తారా?

నేర్చుకుంటే ఊళ్లోనే పని

ఇంటర్, డిప్లొమా, బీటెక్ చదువుతున్న వాళ్లకు ఇదో మంచి దారి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచితంగా ఖాతా తెరిస్తే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది. అందులో పైసా ఖర్చు లేకుండా స్విచ్‌లు పెట్టి, వీల్యాన్‌లు చేసి, కావాలనే లూపు పెట్టి స్పానింగ్ ట్రీ ఎలా ఆపుతుందో కళ్లారా చూడొచ్చు. వైర్‌షార్క్ కూడా ఉచితమే. తీగ మీద వెళ్లే ప్యాకెట్లను విప్పి చూపిస్తుంది. దీనికి తోడు ఓ క్రింపింగ్ టూలు, ఓ కేబుల్ టెస్టర్ కొనుక్కుంటే చేతి పని కూడా వచ్చేస్తుంది.

ముందు మీ కాలేజీ ల్యాబ్‌తో మొదలుపెట్టండి. సార్ అనుమతి తీసుకుని ఒక్కో కేబుల్‌కు రెండు కొసల్లో చీటీ అంటించండి. ఏ పోర్టు ఏ కంప్యూటర్‌కో కాగితం మీద రాసి స్విచ్ పక్కనే గోడకు అతికించండి. ఓ మధ్యాహ్నం పని అది. ఈసారి నెట్ ఆగినప్పుడు ఎక్కడ వెతకాలో ఆ కాగితమే చెబుతుంది.